తరిగొండ కీర్తనలు శోకగీతములా?

మదనపల్లెలో గాని పుంగనూరులో గాని తరిగొండ వెంగమాంబను గూర్చి సభ జరిగినప్పుడెల్ల వక్తలందరు ఒకే బాటను నడతురు. పాలబుగ్గల ప్రాయమున పెండ్లి, పారాణి ఆరకమునుపే వైధవ్యము, బంధువుల సాధింపు, ఊరివారి ఎత్తిపొడుపు, ఈ దుఃఖమంతయు ఏండ్ల తరబడి గుండెలో గూడుకట్టుకొని తుదకు పాటయై పొంగినది, ఆ పొంగే తత్త్వకీర్తనలు: ఇంతవరకు వచ్చుసరికి వక్త గొంతు జీరవోవును, శ్రోతలు పైటచెంగులను ఉత్తరీయములను కన్నులకద్దుకొందురు, అధ్యక్షులవారు చిత్రపటమునకు పూలదండ వేసి సభ ముగింతురు. పత్రికల పండుగ సంచికలు దీనినే అచ్చువేయును. హరికథకులు దీనినే పాడుదురు. 2009లో ఆమె పేరుతోనే, మీనా కథానాయికగా, ఒక చలనచిత్రమును వచ్చినది. ఒక కవయిత్రిని గూర్చి ఊరంతయు ఒక్కమాటయే చెప్పునప్పుడు, ఆ మాటలో ఆమెపై గల గౌరవమెంత, ఆమెను చదువకుండుటకు దొరకిన సాకెంత అని వడగట్టి చూచుట సాహిత్యాభిమానులకు విధి.

ఆ వాదము మొదలంట తప్పని నేననుచున్నాను. తత్త్వకీర్తనలు ఒక స్త్రీ దుఃఖము కట్టతెగి పారిన పాటలు కావు. గురువునొద్ద యోగమభ్యసించి, తనకు ముందున్న కవుల మార్గమును గుర్తెరిగి, ఏ మాటకు ఏ చోటో తెలిసిన ఒక గ్రంథకర్త్రి బుద్ధిపూర్వకముగా కూర్చిన రచనలవి. వానిని కన్నీటిలో ముంచినవారు ఆమెకు సానుభూతిని చూపినారు గాని, కవికి ఇయ్యవలసిన కనీసమర్యాదను, అనగా ఈమె తానేమి చేయుచున్నదో తెలిసి చేసినదని ఒప్పుకొనుటను, ఎగబెట్టినారు.

ఎదుటివారి పక్షమును ముందు న్యాయముగా చెప్పుదును. వెంగమాంబ 1730లో, గుర్రంకొండకు చేరువనున్న తరిగొండలో, కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు పుట్టినది. చిన్ననాడే ఇంజేటి వేంకటాచలపతి కిచ్చి పెండ్లి చేసిరి. కాపురమనునదెట్టిదో ఎరుగకమునుపే అతడు గతించెను. ఆ కాలపు బ్రాహ్మణ కుటుంబములలో అట్టి బాలికకు విధించెడి శిరోముండనమునకు ఆమె ఒప్పుకొనలేదు. పసుపు కుంకుమలను విడువలేదు. వేంకటేశ్వరుడే తన భర్తయని తెగేసి చెప్పినది. ఈమెను దారికి తెమ్మని ఊరివారు పుష్పగిరి పీఠాధిపతిని పిలిపించుటయు, ఆమె ఆయనకు గాక ఆయన దిగిన ఆసనమునకు మ్రొక్కగా అది భగ్గున మండుటయు మా సీమలో చిన్నపిల్లలకును తెలిసిన కథ. పిమ్మట ఆమె తిరుమల చేరి, తుంబురుకోనలో తపస్సు చేసి, పెక్కు కృతులు రచించి, 1817లో కొండమీదనే దేహము చాలించినది. ఇన్ని కష్టములు పడిన మనిషి పాటలో కష్టము లేకుండునా యని వారు అడుగుదురు. ప్రశ్న సబబుగానే కనబడును.

కాని లెక్క చూడుడు. 1730కిని 1817కిని నడుమ ఎనుబదియేడేండ్లు. అందులో పెండ్లియు వైధవ్యమును మొదటి కొలది యేండ్లలోనే ముగిసినవి. అటుపిమ్మట ఆమె చదివినది, గురువును వెదకికొన్నది, ఊరు విడిచినది, కొండయెక్కినది, కోనలో కూర్చున్నది, శతకము మొదలు భాగవతమువరకు వ్రాసినది, శిష్యులకు చెప్పినది, అన్నదానములు చేయించినది. మన వక్తలో, ఆ ఎనుబదియేడేండ్లను చుట్టచుట్టి, ఆమెకు ఊహ సరిగా తెలియని నాడు జరిగిన ఒక్క మరణపు మూటలో కట్టి, ఇదే ఈమె కవిత్వమునకు బీజమని చూపుదురు. డెబ్బదియేండ్ల చదువును, సాధనను, రచనను బాల్యమునందలి ఒక్క దినమునకు వ్యాఖ్యానముగా దించివేయుట కవయిత్రిని గౌరవించుట యెట్లగును?

మరియొక దోషము దీనికంటె లోతైనది. ఆమె జీవితమును గూర్చి మనకు గట్టిగా దొరకునవి ఆమె కృతులలో తానే చెప్పుకొన్న సంగతులు: తలిదండ్రుల పేర్లు, గురువు పేరు, ఊరి దేవుడైన నరసింహుని పేరు. తక్కినది చాలవరకు నోటినుండి నోటికి వచ్చిన కథ. ఆ కథ చెప్పెడివారు కీర్తనలలోని వైరాగ్యమును విని, దానికి తగినట్లు ఆమె బాల్యమునకు నల్లరంగు దట్టింతురు. ఆ నల్లరంగును చూపి, చూచితిరా, కీర్తనలలోని వైరాగ్యము ఇందువలననే పుట్టినది అందురు. కీర్తనల తలమీద తేదీలు లేవు. ఏ పాట తరిగొండలో పుట్టినదో, ఏది తుంబురుకోనలో పుట్టినదో, ఏది ఎనుబదవ యేట కొండమీద కూర్చుండి నెమ్మదిగా దిద్దుకొన్నదో పాట చెప్పదు. పాటనుండి జీవితమును అల్లి, ఆ జీవితమునుండి పాటకు అర్థము చెప్పుట తర్కశాస్త్రమున అన్యోన్యాశ్రయ దోషము. న్యాయస్థానములో నైనచో ఇట్టి సాక్ష్యమును గుమాస్తా కూడ నమోదు చేయడు.

ఇక తత్త్వమనెడి ప్రక్రియను చూడవలెను. అసలు సంగతి ఇక్కడనే యున్నది. మా సీమ తత్త్వములకు కాణాచి. కదిరి ప్రాంతపు వేమన ఆటవెలదులను, కందిమల్లయపల్లె వీరబ్రహ్మముగారి తత్త్వములను, మదనపల్లెకు పడమట చింతామణి దాటిన పిమ్మట వచ్చు కైవారము నారాయణప్ప కీర్తనలను ఒక్క రాత్రిలో ఒక్క భజనలో వినవచ్చును. ఈ పాటలన్నింటికిని ఒక కట్టుబాటు కలదు. పాడువాడు తన మనస్సును పేరుపెట్టి పిలిచి మందలించును. దేహము తొమ్మిది వాకిండ్ల కొంప యనును. ఆలుబిడ్డలు సంతనాటి చుట్టములనును. గురువు చూపిన గుట్టును గూర్చి సగము చెప్పి సగము దాచును. ఇడాపింగళల నడుమ సుషుమ్న త్రోవను పట్టి హంసను మీదికి నడిపింపుమనును. తుదిచరణమున తన దేవుని ముద్రవేసి చేతులు జోడించును. లోకము మాయ యనుట, చుట్టములు కడవరకు రారనుట, యౌవనము నీటిబుడగ యనుట ఈ ప్రక్రియకు పుట్టుకతో వచ్చిన అంగములు. ఇవి వ్యక్తియొక్క ఫిర్యాదులు కావు. పద్యమునకు యతిప్రాసలెట్లో తత్త్వమునకు వైరాగ్యము అట్లు.

ఇచ్చట ఒక చిన్న పరీక్ష పెట్టుదును. కైవారము నారాయణప్ప గాజుల బేరగాడు. బేరము చేతగాక, ఇంట పోరుపడి, సంసారము విడిచి కొండగుహ చేరెనని ఆయన కథ. ఆయనయు చుట్టములు రారనెను, ఆలుబిడ్డలు బంధములనెను, లోకము సంత యనెను. ఆయన తత్త్వములను వినునప్పుడు, ఆహా, గాజుల వర్తకము దెబ్బతిన్న దుఃఖము ఎంత చక్కగా పొంగినది అని ఏ సభలోనైన ఏ వక్తయైన కన్నీరు పెట్టుకొనెనా? పెట్టుకొనడు. ఆయనను యోగి యందురు, తత్త్వవేత్త యందురు, ఆయన సంకేతములకు వేదాంతగ్రంథములు తెరచి అర్థములు చెప్పుదురు. అదే మాట, అదే సంకేతము, అదే ప్రక్రియ, ఇంచుమించు అదే కాలము; పాడినది స్త్రీ యైనంతనే వేదాంతము మూలపడి వైధవ్యము ముందుకు వచ్చును. పురుషుడు పాడినచో సిద్ధాంతము, స్త్రీ పాడినచో శోకము! ఈ తూకపురాళ్ళు ఎవరు చెక్కినవి?

మా బి.కొత్తకోట చుట్టుపట్ల పల్లెలలో శనివారము రాత్రి భజన కూర్చుండును. హార్మోనియము పట్టినవాడు, డోలకు కొట్టువాడు, నలుగురైదుగురు తాళములవారు. ముందుపాటగాడు పగలంతయు వేరుసెనగ చేలో కలుపు తీయించి వచ్చిన రైతు. ముందు పరచుకొన్న నోటుపుస్తకమునకు పాత క్యాలెండరు కాగితపు అట్ట, లోపల ముప్పది నలుబది మంది కవుల తత్త్వములు ఒకే చేతివ్రాతలో. అందులో తరిగొండ ముద్రగల పాట వచ్చినప్పుడు అతడు స్వరము కొంచెము తగ్గించి, పల్లవిని రెండుమారులు మెల్లగా సాగదీసి, మూడవమారు వంతవారికి వదలును. చరణము తుదిని ముద్ర రాగానే డోలకు ముక్తాయింపు పడును, తాళము విడిచి చేతులు మ్రొక్కును, పాట మరల పల్లవినందుకొనును. అతనికి ఆలున్నది, మనుమలున్నారు, కొరత యేమైన నున్నచో బోరుబావిలో నీరు. అయినను ఆ పాటలోని 'నేను' అతని నోట నిబ్బరముగా నిలుచును. విన్నవా రెవరును ఇది పరస్త్రీ దుఃఖమని తలంపరు, ఎవరి మనస్సును వారు తడుముకొందురు. ఎవరు పాడినను వారిదగుటకే ఆ 'నేను' అట్లు కట్టబడినది. చదువుకొన్న వక్తకు తెలియని ఈ సంగతి ఆ రైతుకు చెప్పకయే తెలియును.

ఆమె యోగశాస్త్రమును చెవిసోకిన మాటలతో నెట్టుకొని రాలేదు. ఆమె గురువు మదనపల్లెవారగు రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రులవారు. వారినొద్ద ఉపదేశము పొంది, ఆమె రాజయోగసారమును ద్విపదలో వ్రాసినది. అష్టాంగయోగమును గూర్చి వేరొక గ్రంథము కూర్చినది. రాజయోగసారమున తల్లి దేవహూతి అడుగును, కొడుకు కపిలుడు చెప్పును. సాంఖ్యము, యోగము, గుణవిభాగము, ప్రాణాయామక్రమము, ఇవి అందలి వస్తువు. ఆధారములను, నాడులను, వాయువులను వరుసగా లెక్కింపగల చేయి తత్త్వకీర్తనలో ఆ సంకేతములనే క్లుప్తముగా వాడినప్పుడు, మనము ఆ గ్రంథమును తెరచి ఈ కీర్తనను చదువవలెను. ఆ కష్టమునకు ఓర్వలేనివారికి కన్నీరు సుకరముగా దొరకును. దానికి నిఘంటువు అక్కరలేదు.

వాది ఇచ్చట ఆమె మాటనే ఆమెపై ప్రయోగించును. వేంకటాచల మాహాత్మ్యపు అవతారికలో, తాను చిన్ననాడు ఆచార్యులచెంత ఓనమాలైన చదువలేదనియు, ఛందస్సు నేర్వలేదనియు, కావ్యనాటకములు చూడలేదనియు, తరిగొండ నరసింహుడు పలికించినట్లు పలుకుచున్నాననియు ఆమెయే చెప్పుకొన్నది గదా. చదువురాని స్త్రీ గుండెలోనుండి వచ్చినదానికి శిల్పమని పేరు పెట్టుదువా అని వారి యాక్షేపణ. అయ్యా, ఆమె ఆ మాటను ఎందులో చెప్పినది? గణము తప్పని, యతి తప్పని పద్యములో చెప్పినది. ఛందస్సు రాదని ఛందస్సులో చెప్పిన మనిషిని నమ్మవలసినది మాటనా, పద్యమునా? ఆతుకూరి మొల్లయు తన రామాయణపు మొదట తనకు వ్యాకరణాదులు తెలియవని చెప్పుకొన్నది. పోతన తనచేత పలికించువాడు రామభద్రుడనెను. పోతన చదువురానివాడని ఎవడైన అనెనా? వినయము మన కవుల మర్యాద. పురుషుని వినయమును మర్యాదగా గ్రహించి, స్త్రీ వినయమును వాఙ్మూలముగా గ్రహించుట న్యాయము కాదు. పెద్దబడి ఆడుబిడ్డలకు మూసియుండిన కాలమున ఆమె చదువు కష్టార్జితమనుట నిజమే. కష్టార్జితమును అర్జితము కాదనుట మాత్రము అన్యాయము.

శోకవాదమును నిలువునా కూల్చునది ఆమె కృతుల పట్టిక. తరిగొండ నృసింహశతకముతో మొదలుపెట్టి, నృసింహవిలాసము, శివనాటకము, బాలకృష్ణనాటకము, విష్ణుపారిజాతము, చెంచునాటకము, రుక్మిణీనాటకము, గోపికానాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము, ద్విపదలో వాసిష్ఠరామాయణము, భాగవతము, శ్రీకృష్ణమంజరి, వేంకటాచల మాహాత్మ్యము. ఇందులో గోపికల జలక్రీడ కలదు. చెంచెతను వలచి ఆమె గూడెము చుట్టు తిరిగిన నరసింహుని సరసము కలదు. పారిజాతపు పువ్వు తెచ్చిపెట్టిన సవతుల పోరు కలదు. వైష్ణవక్షేత్రమున జీవించిన భక్తురాలు శివునిపై కట్టిన నాటకము కలదు. యక్షగానమనగా దరువులు, సంవాదములు, పాత్రప్రవేశములు, ఆటకు తగిన నడక. ఇవి ఏకాంతమున కన్నీరు తుడుచుకొనుచు వ్రాయునవి కావు. ఎదుట గుమిగూడిన జనమును, వారి నవ్వును, వారి ఓపికను కొలిచి వ్రాయునవి. చెంచునాటకము వ్రాసిన చేయియే తత్త్వకీర్తనను వ్రాసినది. ఒకటి సరసమైనప్పుడు అది కథనుబట్టి యని, రెండవది విరక్తమైనప్పుడు అది జీవితమునుబట్టి యని చెప్పుట ఏ సూత్రము ననుసరించియో వాదియే సెలవీయవలెను.

ద్విపద విషయము వేరుగా చెప్పుకొనదగినది. మన పండితులు చిరకాలము ద్విపదను చులకన చేసిరి. పాల్కురికి సోమనాథుడు దానిని తలకెత్తుకొని ఐదారు వందల యేండ్లైనను ఆ చులకన పోలేదు. పద్యప్రబంధము వ్రాయగలనని వేంకటాచల మాహాత్మ్యముతో చూపిన కవయిత్రి, అంతకంటె బరువైన వేదాంతమును, భాగవతమును ద్విపదలోనికి తెచ్చినదనగా, ఆ యెంపికకు అర్థముండితీరవలెను. ద్విపద నోటికి వచ్చును. దంచుచు పాడవచ్చును, తిరుగలి త్రిప్పుచు పాడవచ్చును. తాళ్ళపాక తిమ్మక్క సుభద్రాకల్యాణమును స్త్రీలు పాడుకొన్నది అందుకే. వాసిష్ఠమును ఆమె ఎన్నుకొనుటలో నాకు మరియొక విశేషము తోచును. మూలమగు యోగవాసిష్ఠమున చూడాల యను రాణి కథ కలదు: భర్తకంటె ముందు తాను జ్ఞానము పొంది, ఆ మాట చెప్పినప్పుడు భర్త నవ్వి త్రోసివేయగా, బ్రాహ్మణకుమారుని వేషమున అతని యొద్దకు పోయి అతనికే తత్త్వము బోధించిన స్త్రీ ఆమె. సంస్కృతమున అన్ని వేదాంతగ్రంథములుండగా ఈ గ్రంథమునే తెలుగు స్త్రీల నోటికి అందునట్లు దింపినామెను పట్టుకొని విధివంచితురాలని జాలిపడుచున్నాము. జాలిపడుట మానవసహజమే గాని, ఎవరిపై పడుచున్నామో ఒకపరి తలయెత్తి చూడవలదా!

ఆమె కాలమందే, ఇంచుమించు ఆమె యీడుదే, తంజావూరులో ముద్దుపళని యుండెను. ప్రతాపసింహుని ఆస్థానపు ఆ కవయిత్రి రాధికాసాంత్వనమును వ్రాయగా, వీరేశలింగముగారంతటివారు దానిని వేశ్య వ్రాసిన బూతుగా చూచిరి. బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుపట్టి 1910లో దానిని శుద్ధముగా ముద్రింపించినను, 1911లో ప్రభుత్వము నిషేధించినది. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. పళనిని దేహమునకు అప్పగించిరి, వెంగమాంబను దుఃఖమునకు అప్పగించిరి. ఆమెకు నింద, ఈమెకు హారతి. మొదటిది కఠినము, రెండవది మృదువు. కాని చేసిన పని ఒక్కటే. ఒకతె వ్రాతను ఆమె కులవృత్తితో వివరించి, మరియొకతె వ్రాతను ఆమె వైధవ్యముతో వివరించి, ఇద్దరి చేతినుండియు గంటము లాగికొనిరి. వెంగమాంబ జలక్రీడావిలాసమును ఈ సభలలో ఎవరును ఎత్తకుండుట కాకతాళీయమని నేననుకొనను. ఆమె శృంగారమెరుగుననిన ఆ కన్నీటికథ నిలువదు.

శోకవాదమునకు తోబుట్టువు మహిమవాదము. హార్సిలీ కొండ మా బి.కొత్తకోటకు పెట్టనికోట, కడప కలెక్టరు హార్సిలీ దొర అచ్చట బంగళా కట్టించుకొనకమునుపు దానిపేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన పిల్ల యొకతె అడవివారి రోగములు మాన్పి, ఒకనాడు కనబడకపోయినదని, అటుపై గుడి వెలసినదని అచ్చటి కథ. మందు మాకు ఎరిగిన ఒక స్త్రీ నిజముగా అక్కడ నుండినదేమో. ఉండినచో, ఆమె ఎరిగిన మందు పోయినది, గుడి మిగిలినది. వెంగమాంబ పట్లను మనమిదియే చేయుచున్నాము. తిరుమలలో నిత్యాన్నప్రసాద భవనమునకు ఆమె పేరున్నది. ప్రతిరాత్రి ఏకాంతసేవలో ముత్యాలహారతి ఆమెదే. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని నానుడియే కలదు. ఇవన్నియు ఆమెకు తగినవే, నేను తక్కువ చేయను. కాని ఆసనము మండినదన్న కథ ప్రతి నోటనున్నది. వాసిష్ఠరామాయణపు ఒక్క ద్విపదయైన ఎందరి నోటనున్నది? దేవతను చేసినచో మ్రొక్కితే చాలును, కవిని చేసినచో చదువవలసివచ్చును.

ఇది మన ఒక్క సీమ జాడ్యమని అనుకొనరాదు. అమెరికా దేశపు మిసిసిపీ పల్లెసీమలో పుట్టిన బాబీ జెంట్రీ యను గాయని 1967లో తానే వ్రాసి, గిటారు మీటుచు తానే పాడిన 'ఓడ్ టు బిల్లీ జో' యను కథాగేయము దేశమంతట మారుమ్రోగినది. పొలము పని నడుమ ఆపి భోజనమునకు కూర్చున్న ఇంటివారు, ఎరిగిన కుర్రవాడొకడు వంతెనమీదినుండి యేటిలో దుమికి చచ్చెనన్న వార్తను, వడ్డన మాటల నడుమ తేలికగా చెప్పుకొందురు. ఆ పంక్తిలోనే కూర్చున్న పిల్లకు ముద్ద దిగదు. ఆ పిల్లయు ఆ కుర్రవాడును కలిసి వంతెనమీదినుండి నీట విడిచినదేమి యని లోకము దశాబ్దములు అడిగినది. పాటలోని పిల్ల గాయనియేనా యనియు అడిగినది. ఆ వస్తువు ముఖ్యము కాదు, ఇంటివారు తమకు తెలియకయే చూపిన నిర్దయ ముఖ్యము అని ఆమె స్వయముగా చెప్పినను వినినవారు తక్కువ. ఒక భోజనపంక్తిలో నాలుగు గొంతుకలను పెట్టి, చెప్పవలసినదానిని చెప్పకయే చెప్పిన ఆ రచనాకౌశలమును విడిచి, రహస్యమును త్రవ్వుటకు గునపములెత్తిరి. పల్లెపడుచు పాడినదనగానే అది ఆమె దినచర్య పుస్తకమని తలంచుట మిసిసిపీలోను తరిగొండలోను ఒకే బుద్ధి.

అయినచో ఆమె పాటలలో దుఃఖమే లేదందువా యని తుదకు వాది గద్దించును. అట్లనను. జీవితము లేక కవిత్వము లేదు; ఆమె పడినది పడినదే. నే ననునది, ఆ పాటలలో దుఃఖము ముడిసరుకుగా నుండవచ్చును గాని, పాటను కట్టినది దుఃఖము కాదని. ఇంతకును, వారు చెప్పెడి జీవితకథనే సావధానముగా వినినచో, అందులో శోకముకంటె నిర్ణయము ఎక్కువగా కనబడును. తల గొరిగించుకొననన్నది, నిర్ణయము. కుంకుమ చెరుపననన్నది, నిర్ణయము. పీఠాధిపతి యెదుట జంకలేదు, ఊరు విడిచినది, కోనలో ఒంటిగా కూర్చున్నది, అన్నియు నిర్ణయములే. ఇట్టి మనిషి కలము పట్టినంతనే తన వశము తప్పి ఏడ్చునని ఊహించుటకు ఏ ఆధారము? మనస్సును నిలువబెట్టి మందలించు తత్త్వకీర్తన యొక్క స్వరమును వినుడు. అది అధికారము గలవారి స్వరము, గురుస్థానమున కూర్చున్నవారి స్వరము. ఏడ్చెడివారు అట్లు మందలింపరు.

దేవస్థానమువారు ఆమె కృతులను అచ్చువేయించి ఉపకారము చేసిరి. ఆ పుస్తకములు ఇండ్లలో పసుపు కుంకుమలతో పూజామందిరమున నున్నవి. అన్నమయ్య విషయమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు రాగిరేకులు ముందు పెట్టుకొని అక్షరమక్షరము పరిశీలించి, పాఠములు దిద్ది, స్వరములు కట్టి, ఆ కీర్తనలను పాటకుల చేతికిచ్చిరి. అన్నమయ్య ఆలుబిడ్డల చరిత్ర చెప్పి ఊరకుండలేదు. తరిగొండ తత్త్వకీర్తనలకును అదే పరిశ్రమ జరుగవలెను. భజనగాండ్ర నోటుపుస్తకములలోని పాఠములను అచ్చుపాఠములతో సరిచూడవలెను. కైవారము కీర్తనలతోను, వీరబ్రహ్మముగారి తత్త్వములతోను ప్రక్కప్రక్కన పెట్టి, సామాన్యమైన సంకేతమేదో, ఆమె క్రొత్తగా త్రిప్పిన సంకేతమేదో చూపవలెను. రాజయోగసారముతో ముడిపెట్టి యోగపదములకు టీక వ్రాయవలెను. పల్లెలలో నిలిచిన వరుసలు పాడెడివారుండగనే ఎక్కించుకొనవలెను. అట్టి ముద్రణమునకు పీఠిక వ్రాయువారు ఆమె వివాహమును గూర్చి మొదటి పుటలోనే మొదలుపెట్టకుండిన చాలును. జీవితచరిత్రను తుదిని అనుబంధముగా, చిన్నయక్షరములలో, చేర్చుకొనుటకు నాకేమియు అభ్యంతరము లేదు.